నేలను తాకే వేళ

పద్మవ్యూహంలోకి చొచ్చుకుపోవడం తెలిసిన అభిమన్యునికి వెలికి వచ్చే ఉపాయం తెలియదు. అందుకే అతని పరాక్రమం విషాదాంతమైంది. గగనయానంలోనూ పైకి లేవడం కన్న క్షేమంగా నేలకు దిగడమే కష్టతరమైన విద్య. చిన్న విమానాలకు సంభవించే ప్రమాదాలలో పెద్ద భాగం దిగే వేళలోనే జరుగుతాయి. వాటిలో చాలావరకు చక్రాలు విరగడంతోనో, రెక్క వంగడంతోనో ముగుస్తాయి. కొన్ని మాత్రం ప్రాణాలను బలిగొంటాయి.

2023 సెప్టెంబరు 14న విశాఖపట్నం నుండి బయలుదేరిన లియర్‌జెట్ 45 రకపు ప్రైవేటు విమానం ముంబయి చేరింది. అందులో ఆరుగురు ప్రయాణికులు, ఇద్దరు సిబ్బంది ఉన్నారు. అక్కడ భారీ వర్షం కురుస్తోంది. చూపు 700 మీటర్లకు మించి ఆనడం లేదు. విమానం దిగుతూనే రన్‌వే నుండి పక్కకు దూసుకుపోయి ధ్వంసమైంది. ఎనిమిదిమందీ ప్రాణాలతో బయటపడడం అదృష్టం.

దిగడంలో ఇంత కష్టమేమిటి? విమానాన్ని గాలిలో నిలిపేవి రెక్కలు. రెక్కలకు ఆ శక్తినిచ్చేది వేగం. నేలకు దిగాలంటే ఆ వేగాన్నే తగ్గించాలి. అతిగా తగ్గితే రెక్కలు పట్టు కోల్పోతాయి. తేరుకోవడానికి తగినంత ఎత్తు ఉండదు. తగ్గకపోతే రన్‌వే చాలదు. పైలట్లు సాధారణంగా సుమారు 3 డిగ్రీల వాలులో దిగుతూ, నేల సమీపించగానే విమానం ముక్కును కొద్దిగా పైకెత్తి, ప్రధాన చక్రాలను మెల్లగా ఆనిస్తారు. తేలికపాటి విమానాన్ని అడ్డగాలి సులభంగా పక్కకు నెడుతుంది. రన్‌వేపై నీరు నిలిస్తే చక్రాలు నేలను అంటక నీటిపొరపై జారుతాయి, బ్రేకులు పట్టవు.

ఇన్ని చిక్కులకు విరుగుడు ఒకటుంది. సందేహం కలిగిన క్షణాననే ఇంజను శక్తిని పెంచి మళ్లీ పైకి లేవాలి. దీనిని ‘గో అరౌండ్’ అంటారు. ఇది ఓటమి కాదు, వివేకం. అయితే ఆలస్యమవుతుందన్న ఆత్రం, ప్రయాణికుల తొందర, ‘ఇంత దూరం వచ్చి వెనుదిరగడమా’ అనే అభిమానం పైలట్ చేతిని ఆపుతాయి. కనుక సంయమనం పైలట్‌కే కాదు, వెనుక కూర్చున్నవారికీ అవసరం. గంట ఆలస్యంగానైనా క్షేమంగా ఇల్లు చేరినవారికి ఆ గంట నష్టం కాదు.

కఠిన పదాలు – అర్థాలు
గగనయానం = ఆకాశ ప్రయాణం
సంయమనం = నిగ్రహం
విరుగుడు = నివారణోపాయం

ప్రశ్నలు
1. విమానం దిగేటప్పుడు వేగాన్ని అదుపులో ఉంచడం ఎందుకు ముఖ్యం?
2. ‘గో అరౌండ్’ ఓటమి కాదు, వివేకం అనడాన్ని సమర్థించండి.
3. రచయిత అభిమన్యుని ప్రస్తావనతో పాఠాన్ని ప్రారంభించడంలోని ఔచిత్యాన్ని వివరించండి.