కిచెన్ కంపోస్టర్ కొనేముందు చూడాల్సిన అసలు స్పెక్: 6 మిల్లీమీటర్లు

ఫోన్ కొనేముందు ప్రాసెసర్, బ్యాటరీ, ఐపీ రేటింగ్ అన్నీ చూస్తాం కదా. మరి వంటింటి చెత్తని ఎరువుగా మార్చే డబ్బాకి ఏం చూడాలి? చాలామంది మోటార్, డిజైన్ చూస్తారు. వైజాగ్‌లో మాత్రం ముందు చూడాల్సింది ఎలుక దూరే సందు ఉందా లేదా అని.

ఎందుకింత ముఖ్యం?

మన సిటీ చెత్త కాపులుప్పాడకి వెళ్తుంది. అక్కడ చెత్తతో కరెంటు తీసే 15 మెగావాట్ల ప్లాంట్ ఉంది. కానీ తడి చెత్త సరిగా కాలదు, అందులోని నీళ్లు ఆవిరవడానికే బోలెడు వేడి పోతుంది. కుప్పలో కుళ్లితే మీథేన్ వస్తుంది. అందుకే తడి, పొడి, ప్రమాదకర చెత్తని ఇంట్లోనే వేరు చెయ్యాలని 2016 నిబంధనలు చెప్పాయి. 2021 అక్టోబర్ 2న మొదలైన క్లాప్ కార్యక్రమంలో ఆకుపచ్చ, నీలం, ఎరుపు బుట్టలు పంచింది కూడా ఇందుకే.

తడి చెత్తని రాత్రి కవర్లో కట్టి గుమ్మం బయట పెడితే, ఎలుకకి అది పాస్‌వర్డ్ లేని వైఫై లాంటిది. ఎలుక మూత్రం కలిసిన నీళ్ల నుంచి లెప్టోస్పైరోసిస్, అంటే ఎలుక జ్వరం వస్తుంది. వానాకాలంలో ఈ రిస్క్ ఇంకా ఎక్కువ. న్యూయార్క్ కూడా ఎలుకల దెబ్బకే రూల్ మార్చింది: 2024 నవంబర్ 12 నుంచి 9 ఇళ్ల లోపు భవనాలవాళ్లు చెత్తని మూతున్న డబ్బాల్లోనే బయట పెట్టాలి.

ఎలక్ట్రిక్ మెషిన్ కావాలా?

కౌంటర్ మీద పెట్టే ఎలక్ట్రిక్ మెషిన్లలో చాలావరకు చెత్తని ఎండబెట్టి పొడి చేస్తాయి. బరువు, వాసన తగ్గుతాయి, నిజమే. కానీ గంటల్లో వచ్చే ఆ పొడి పూర్తయిన కంపోస్ట్ కాదు. మట్టిలో కలిపాక సూక్ష్మజీవులు పని చెయ్యాల్సిందే. కరెంటు లేకుండా కుండలో అదే పని జరుగుతుంది. బెంగళూరు డైలీ డంప్ ఈ మట్టికుండల మోడల్‌తోనే పాపులర్ అయ్యింది.

సెటప్ ఇలా

1. మట్టికుండ లేదా స్టీల్ డబ్బా తీసుకోండి. పల్చటి ప్లాస్టిక్‌ని ఎలుక అంచు దొరికితే కొరికేస్తుంది.

2. గాలి రంధ్రాలు తప్పనిసరి, కానీ 6 మి.మీ. కంటే చిన్నవిగా ఉండాలి. పెన్సిల్ దూరే సందులో చిట్టెలుక కూడా దూరుతుంది. పెద్ద రంధ్రాలుంటే లోపలినుంచి ఇనుప జాలీ బిగించండి.

3. మూత బిగుతుగా ఉండాలి, పైన బరువు పెట్టండి.

4. ఒక వంతు తడి చెత్తకి రెండు వంతుల ఎండుటాకులు, కొబ్బరి పొట్టు లేదా చింపిన న్యూస్‌పేపర్ వెయ్యండి. మన సముద్రపు గాలిలో తేమ ఎక్కువ కాబట్టి పొడి సరుకు తగ్గించొద్దు.

5. చేపల తలలు, రొయ్యల పొట్టు, మాంసం, నూనె కూరలు వెయ్యొద్దు. ఎలుకల్ని పిలిచేది ఆ వాసనే. వాటిని మూతున్న డబ్బాలో ఉంచి పొద్దున్నే చెత్త బండికి ఇవ్వండి.

ట్రబుల్‌షూటింగ్

గుప్పెడు తీసి పిండితే ఒకటి రెండు చుక్కలు రావాలి. నీళ్లు కారితే, కుళ్లు వాసన వస్తే పొడి సరుకు వేసి కలపండి. చీమలు పడితే బాగా ఎండిపోయిందని అర్థం, కాస్త నీళ్లు చల్లండి. సుమారు రెండు నెలలకి నల్లగా, మట్టి వాసనతో ఎరువు రెడీ.

ఫైనల్ వెర్డిక్ట్: బాల్కనీ ఉంటే ముందు కుండతో మొదలుపెట్టండి. మెషిన్ కొన్నా ఆ పొడిని కలపడానికి మట్టి ఎలాగూ కావాల్సిందే!