తుపాకీ దిగిన పొద్దు



అమ్మడూ, నీ ఉత్తరం అందింది. "జనానికి కష్టాలు ఎప్పుడూ ఉంటాయి కదా, విప్లవం మాత్రం ఎప్పుడో గానీ రాదెందుకు?" అని అడిగావు. రష్యా సంగతి చెబుతాను, జవాబు అందులోనే ఉంది.

1917 నాటికి మొదటి ప్రపంచ యుద్ధం మొదలై మూడో చలికాలం. రాజధాని పెట్రోగ్రాడ్‌లో రొట్టెల దుకాణాల ముందు ఆడవాళ్లు గడ్డకట్టే చలిలో గంటల తరబడి నిలబడేవారు. మార్చి 8న, మహిళా దినోత్సవం నాడు, వైబోర్గ్ పేట బట్టల మిల్లుల్లోని ఆడకూలీలు పని ఆపి రోడ్డెక్కారు. మూడు రోజులు తిరిగేసరికి ఊరంతా సమ్మె. జార్ రెండో నికోలస్ మొగిలేవ్ సైనిక కేంద్రం నుంచి, రేపటికల్లా అల్లర్లు అణచెయ్యమని తంతి కొట్టాడు. 11వ తేదీ ఆదివారం సైనికులు కాల్చారు. జ్నమెన్‌స్కాయా చౌకులో పదుల మంది నేలకొరిగారు.

అక్కడితో అంతా చల్లారిపోవలసిందే. 1905లో చివరికి జరిగింది అదే. అప్పుడూ కాల్చారు, ఏడాది పొడవునా సమ్మెలు నడిచాయి. కానీ సైన్యంలో ఎక్కువ భాగం జార్ మాట జవదాటలేదు. సింహాసనం మరో 12 ఏళ్లు నిలిచింది.

ఈసారి ఆ సైన్యమే మారిపోయింది. పాతకాపులు చాలామంది యుద్ధంలో పోయారు. రాజధాని బారకాసుల్లో ఉన్నది కొత్తగా పట్టుకొచ్చిన రైతుబిడ్డలు, గాయాలు మానుతున్నవాళ్లు. ఆదివారం కాల్చినవాళ్లలో వొలిన్‌స్కీ రెజిమెంటువాళ్లూ ఉన్నారు. ఆ రాత్రే సార్జెంట్ కిర్పిచ్నికోవ్, అతని తోటివాళ్లు ఇక జనం మీద కాల్చకూడదని మాట అనుకున్నారు. తెల్లారి అధికారి వస్తే ఎదురు తిరిగారు. అతను తూటా దెబ్బకు పడిపోయాడు.

ఇక్కడ బాగా గమనించు. ఆ తూటాతో వెనక్కి వెళ్లే దారి మూసుకుపోయింది. తామొక్కరే మిగిలితే చావు తప్పదు, అందరూ కలిస్తేనే బతుకు. అందుకే పక్క రెజిమెంట్ల దగ్గరికి పరుగెత్తారు. నిన్నటిదాకా వాళ్లను లొంగదీసిన భయమే ఆ పొద్దున వాళ్లను కలిపింది. చీకటిపడేలోగా వేలమంది సైనికులు జనంలో కలిశారు.

ఆ రోజే తావ్రిద భవనంలో ఒక పక్క కార్మికుల, సైనికుల సోవియట్ (ప్రతినిధుల మండలి), మరో పక్క డ్యూమా (పార్లమెంటు) సభ్యుల కమిటీ వెలిశాయి. పాత ఆజ్ఞ కాదన్నవాళ్లకు, వెళ్లి నిలబడడానికి ఒక గడప దొరికింది. చివరికి సేనానులే గద్దె దిగిపొమ్మని జార్‌కు సలహా ఇచ్చారు. 15న ప్‌స్కోవ్‌లో రైలుపెట్టెలో కూర్చుని జార్ సంతకం పెట్టాడు.

ఆకలి సంక్షోభాన్ని తెచ్చింది. ఆజ్ఞ చెల్లకపోవడం దాన్ని విప్లవం చేసింది. ఇకమీదట ఏ ఉద్యమం గురించి చదివినా జనాన్ని లెక్కపెట్టి ఊరుకోకు తల్లీ. ఎదురుగా తుపాకీ పట్టుకున్న కుర్రాణ్ణి కూడా చూడు. అతను ఏ ఇంటి బిడ్డో, ముందురోజు రాత్రి బారకాసులో ఎవరితో ఏం మాట్లాడాడో వెతుకు.

ఇట్లు,
మీ మామయ్య