కరిగిపోయే పడికట్టు రాయి

దిల్‌సుఖ్‌నగర్

మనవరాలికి,

మొన్న ఎల్బీనగర్ మెట్రో స్టేషన్ మెట్లు దిగుతూ నువ్వు ఒక ప్రశ్న అడిగావు. "తాతయ్యా, క్యాన్సర్ చికిత్స యంత్రం గది తలుపు దగ్గర రెండు న్యూట్రాన్ మీటర్లు పెట్టి చూశాం. రెంటికీ కాలిబ్రేషన్ పత్రాలున్నాయి. అయినా చెరో అంకె చూపించాయి. ఏది నిజం?" అన్నావు. ఆ రద్దీలో నిలబడి చెప్పగలిగే జవాబు కాదది. ముప్పై ఏళ్లు కొలతల గదిలో బతికినవాణ్ణి. తీరిగ్గా రాస్తున్నాను, దాచుకో.

కొత్తపేటలో పండ్ల మార్కెట్ ఉన్న రోజుల్లో నిన్ను వెంటబెట్టుకుని బత్తాయిలకు వెళ్లేవాణ్ణి. తూకం వేసే ముందు వ్యాపారి ఖాళీ తక్కెడ ఎత్తి పాసంగం లేదని చూపించేవాడు. పడికట్టు రాయి మీద తూనికలు కొలతల శాఖ ముద్ర ఉండేది. ఆ ముద్రను ఎందుకు నమ్ముతాం? ఆ రాయిని శాఖ దగ్గరున్న రాయితో సరిచూశారు, దాన్ని అంతకంటే పై రాయితో, అలా పోయి పోయి ఢిల్లీలోని జాతీయ భౌతిక ప్రయోగశాల దాకా. మధ్యలో ఒక్క కొక్కెం ఊడినా బత్తాయిల తూకం మాట మిగలదు.

న్యూట్రాన్ కొలతకూ అలాంటి గొలుసే ఉంది. మన దేశంలో దాని పై కొస ముంబయి ట్రాంబేలో, భాభా అణు పరిశోధన కేంద్రంలో ఉంది. కాకపోతే ఇక్కడి పడికట్టు రాయి న్యూట్రాన్లు వెదజల్లే సోర్స్, అది కరిగిపోతుంది. కాలిఫోర్నియం-252 వెదజల్లే న్యూట్రాన్లు సుమారు 2.65 ఏళ్లకు సగమైపోతాయి. అమెరిషియం-బెరీలియం సోర్స్ అయితే నెమ్మది, అమెరిషియం సగం కావడానికి 432 ఏళ్లు పడుతుంది. అందుకే సోర్స్ పత్రం చేతికి రాగానే అంకె కంటే ముందు తేదీ చూడు. తేదీ లేని అంకె ముద్ర లేని రాయి.

ఇంతకీ సోర్స్ నుంచి సెకనుకు ఎన్ని న్యూట్రాన్లు వస్తున్నాయో ఎలా లెక్కపెడతారు? న్యూట్రాన్‌కు విద్యుదావేశం లేదు. తనంతట తాను ఏ పరికరానికీ చిక్కదు. 1932లో చాడ్విక్ కూడా అది ఢీకొట్టి తరిమిన ప్రోటాన్లను చూసే దాని ఉనికి పట్టుకున్నాడు. కొలిచేవాళ్లూ అదే దారి పట్టారు. పంటల్లో మాంగనీసు లోపానికి మన రైతులు పిచికారీ చేసే మాంగనీసు సల్ఫేట్ తెలుసు కదా, దాన్ని నీళ్లలో కలిపి పెద్ద గోళంలో నింపి, నట్టనడుమ సోర్స్ పెడతారు. నీటిలోని హైడ్రోజన్‌ను గుద్దుకుని న్యూట్రాన్లు నెమ్మదిస్తాయి. మాంగనీసు వాటిలో కొన్నిటిని మింగి మాంగనీసు-56 అవుతుంది. అది 2.6 గంటలకు సగమవుతూ గామా కిరణాలు విడుస్తుంది. ఒక రోజు గడిచేసరికి పుట్టేదీ పోయేదీ సమానమవుతాయి. అప్పుడు గామాలను లెక్కపెట్టి, హైడ్రోజన్ మింగినవి, గోళం దాటి బయటపడ్డవి, సోర్స్ తానే మింగినవి కలుపుకుంటూ వెనక్కి లెక్క కడతారు. ఇంత చేసినా నూటికి ఒకటి దరిదాపుల్లో అనిశ్చితి మిగులుతుంది. దాన్ని దాచకుండా పత్రం మీద రాస్తారు.

ఇక నీ మీటర్ సంగతి. సెకనుకు కోటి న్యూట్రాన్లు విడిచే కాలిఫోర్నియం సోర్స్ ఉందనుకో. మీటరు దూరంలో గోళం వైశాల్యం సుమారు 1,25,664 చదరపు సెంటీమీటర్లు. అంటే ఒక్కో చదరపు సెంటీమీటరు మీదుగా సెకనుకు దాదాపు 80 న్యూట్రాన్లు పోతాయి. ఐఎస్ఓ 8529 ప్రమాణం ఆ సోర్స్‌కు ఇచ్చే గుణకం చదరపు సెంటీమీటరుకు ఒక్కో న్యూట్రాన్‌కు 385 పికోసీవర్టులు. గుణించి చూడు, గంటకు 110 మైక్రోసీవర్టులు వస్తుంది. మీటర్ అక్కడ ఎంత చూపిందో దీనితో పోల్చడమే కాలిబ్రేషన్. కాగితం పెన్సిల్ తీసుకుని ఈ లెక్క నీ చేత్తో ఒకసారి చెయ్యి.

కొత్తలో నేను మీటర్‌ను గోడ పక్క బల్ల మీద పెట్టి కొలిచాను. లెక్కకు మించి చూపించింది. మీటర్ పాడైందన్నాను. మా పెద్దాయన ఏమీ అనకుండా ఒక శంకువు తెచ్చి సోర్స్‌కూ మీటర్‌కూ నడుమ నిలబెట్టాడు. ముందు భాగం ఇనుము, వెనక భాగం పాలిథిన్. నేరుగా వచ్చేవి ఆగిపోయినా మీటర్ ఇంకా అంకె చూపిస్తూనే ఉంది. అవన్నీ గోడలకూ నేలకూ తగిలి తిరిగొచ్చిన న్యూట్రాన్లు. ఆ అంకెను మొదటి దానిలోంచి తీసేశాక లెక్క కుదిరింది. ఖాళీ తక్కెడకు పాసంగం చూడటమంటే ఇదేనని ఆ రోజు తెలిసింది.

నీ ప్రశ్నకు జవాబు ఇక్కడే ఉంది. న్యూట్రాన్ చేసే హాని దాని వేగాన్ని బట్టి మారుతుంది. అంతర్జాతీయ రేడియేషన్ రక్షణ సంఘం లెక్కలో నెమ్మదైన న్యూట్రాన్‌కు తూకం 2.5 అయితే, పది లక్షల ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర సుమారు 20. మీటర్ చుట్టూ ఉన్న పాలిథిన్ తొడుగు ఈ తేడాను అనుకరించాలని చూస్తుంది కానీ పూర్తిగా అనుకరించలేదు. మధ్యస్థ వేగాల దగ్గర మామూలుగా ఎక్కువ చూపిస్తుంది. ఎంత ఎక్కువన్నది తయారీని బట్టి ఉంటుంది. మీ మీటర్లను వేగంగా పోయే న్యూట్రాన్ల ముందు సరిచూశారు. ఆ తలుపు దగ్గరికి వచ్చేవి కాంక్రీటుకు కొట్టుకుని కొట్టుకుని అలిసిపోయినవి. కాబట్టి రెండు పత్రాలూ నిజమే, రెండు అంకెలూ తేడాగా రావడమూ సహజమే. ఏ న్యూట్రాన్ల ముందు సరిచూశారో, ఏ న్యూట్రాన్ల ముందు కొలిచారో పక్కపక్కన పెట్టి సవరణ చేసేదాకా ఏ ఒక్క అంకెనూ నిజమనకు.

ఎల్బీనగర్ నుంచి నాగోలు, ఉప్పల్ మీదుగా బస్సెక్కితే ఇలాంటి మీటర్లు తయారయ్యే ఈసీఐఎల్ వస్తుంది. పశ్చిమ గోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన ఏ.ఎస్. రావుగారు 1967లో మొదలైన ఆ సంస్థకు పునాది వేశారు. రేడియేషన్ కొలిచే పరికరాలు మన దేశంలోనే మన చేతులతో తయారు కావాలని ఆయన పట్టుబట్టారు. మీటర్ పుట్టడం అక్కడ, నిజం చెప్పడం నేర్వడం సోర్స్ ముందు, ఆ నిజాన్ని నిలబెట్టడం నీ నోటుబుక్‌లో. ఆ తలుపు బయట రోజంతా నిలబడే టెక్నీషియన్‌కు నీ అంకె తప్ప వేరే కాపలా లేదు.

ఆదివారం వచ్చేటప్పుడు ఆ రెండు పత్రాలూ పట్టుకురా. సోర్స్ పేరు, తేదీ, అనిశ్చితి ఎక్కడ రాశారో కూర్చుని చూద్దాం.

ఇట్లు
మీ తాతయ్య