చూసిన ఊరే, చూడని ఊరు

పాఠ్యభాగ నేపథ్యం

తెలుగు వచనంలో యాత్రాచరిత్ర ఒక ప్రముఖ ప్రక్రియ. ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే నెలలో చెన్నపట్టణం నుంచి బయలుదేరి, హైదరాబాదు మీదుగా కాశీకి వెళ్ళి, 1831 సెప్టెంబరులో తిరిగి వచ్చాడు. ఆ ప్రయాణ విశేషాలను తెలిపే 'కాశీయాత్ర చరిత్ర' 1838లో అచ్చయింది. దూరప్రాంతాలను చూసి రాయడం ఈ ప్రక్రియలో పరిపాటి. నిత్యం నడిచే వీధినే యాత్రాస్థలంగా చూడడం ప్రస్తుత వ్యాసంలోని ప్రత్యేకత. శీతకాలంలో ఒక ఆదివారం ఒక అధ్యాపకుడు తన విద్యార్థులతో కలిసి నాంపల్లి, అబిడ్స్ ప్రాంతాలలో చేసిన పర్యటన ఇందులోని ఇతివృత్తం.

పాఠం

సంక్రాంతి సెలవులలో నా పూర్వ విద్యార్థి ఒకడు మా ఇంటికి వచ్చాడు. అతడు జర్మనీలో ఉద్యోగం చేస్తున్నాడు. అంతకు పదిహేను రోజుల ముందే చెక్ దేశ రాజధాని అయిన ప్రాగ్ నగరాన్ని చూశాడట. అక్కడ తీసిన ఛాయాచిత్రాలను ఎంతో సంబరంగా నాకు చూపించాడు. వల్తావా నది ఒడ్డున పరచుకున్న మంచు, నాలుగవ చార్లెస్ చక్రవర్తి 1357లో ప్రారంభించిన రాతివంతెన, పాత పురభవనం గోడకు 1410లో అమర్చిన ఖగోళ గడియారం అందులో ఉన్నాయి. గంట కొట్టినప్పుడల్లా ఆ గడియారం మీది చిన్న కిటికీలు తెరుచుకుంటాయి. క్రీస్తు శిష్యుల బొమ్మలు వరుసగా కనిపించి వెళ్తాయి. ఆ కొద్ది క్షణాల కోసం జనం గడ్డకట్టే చలిలో మెడలెత్తి నిలబడతారు.

అన్నీ చూపించిన తరువాత అతడు, "సార్, మనకు ఇలాంటి ఊళ్ళు ఎందుకు లేవు? రెండేళ్ళు ఇక్కడే చదువుకున్నాను. నాంపల్లిలో చూడడానికి ఏమున్నది?" అని అడిగాడు.

నేను వెంటనే సమాధానం చెప్పలేకపోయాను. ప్రాచీన కావ్యాలలోని పురవర్ణనల మీద ఏళ్ళ తరబడి కృషి చేసినవాణ్ణి. అష్టాదశ వర్ణనలలో మొదటిది పురవర్ణన అని పాతికేళ్ళుగా తరగతిలో చెబుతున్నవాణ్ణి. 'మనుచరిత్ర'లోని అరుణాస్పదపురం ఎలా ఉండేదో అడిగితే గంటసేపు చెప్పగలను. కానీ రోజూ బస్సు దిగే అబిడ్స్‌కు ఆ పేరు ఎవరి వల్ల వచ్చిందో ఏనాడూ ఆలోచించలేదు. కవి ఊహించిన పురం తెలిసింది గాని కాలికింద ఉన్న పురం తెలియలేదు. ఆ రాత్రి నాకు సరిగా నిద్ర పట్టలేదు.

జనవరి చివరి ఆదివారం నాడు పన్నెండుమంది విద్యార్థులను వెంటబెట్టుకొని బయలుదేరాను. అంతకుముందు వారం రోజులు గ్రంథాలయంలో కూర్చొని చదువుకున్నాను.

ఉదయం ఏడు గంటలకు నాంపల్లి రైల్వేస్టేషన్ ముందు కలుసుకున్నాం. పొగమంచు ఇంకా విడలేదు. ఇరానీ హోటళ్ళ ముందు చేతుల మధ్య చాయ్ కప్పులు పట్టుకొని కూలీలు వెచ్చబడుతున్నారు. 1907లో ఏర్పడిన ఈ స్టేషన్‌కు బోర్డు మీది పేరు హైదరాబాదు దక్కన్. జనం నోట మాత్రం నాంపల్లి. గోలకొండ రాజ్యంలో పదిహేడవ శతాబ్దంలో ఉన్నత పదవిలో ఉన్న నేక్‌నామ్ ఖాన్ పేరు మీద ఇది మొదట నేక్‌నామ్‌పల్లి అయిందని, క్రమంగా నాంపల్లిగా మారిందని చెబుతారు. 'నేక్‌నామ్' అంటే మంచి పేరు గలవాడు. అది పారశీకం. 'పల్లి' మన తెలుగు. రెండు భాషలు కలిసి కాపురం చేస్తున్న పేరు ఇది. రోజూ పలుకుతున్నా ఆ సంగతి మాకు తెలియదు.

అక్కడినుంచి పబ్లిక్ గార్డెన్స్‌కు నడిచాం. ఆ పక్కనే తెల్లని గుమ్మటాలతో శాసనసభ భవనం ఉంది. ఆరవ నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ నలభయ్యవ జన్మదినోత్సవానికి గుర్తుగా పౌరులు దీనిని తలపెట్టారు. నిర్మాణం 1905లో మొదలై 1913లో పూర్తయింది. ఒక పాలకుని పుట్టినరోజుకు కట్టిన మందిరంలో తరువాతి కాలంలో ప్రజలు ఎన్నుకున్న సభ్యులు కూర్చొని శాసనాలు చేశారు. భవనం అదే అయినా దాని అర్థం మారింది.

ఉద్యానవనంలోని పురావస్తు ప్రదర్శనశాలలో ఒక విచిత్రం గమనించాను. లోపలికి అడుగుపెట్టగానే విద్యార్థులందరూ ఈజిప్టు మమ్మీ ఉన్న గదిలోకి పరుగుతీశారు. ఆరవ నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ దానిని సంపాదించి తెచ్చాడు. వేల ఏళ్ళనాటి ఆ దేహాన్ని చూడవలసిందే, కాదనను. కానీ కాకతీయుల కాలంనాటి శిల్పాల దగ్గర ఒక్కరూ ఆగలేదు. నల్లరాతిలో నగల ముత్యాలను ఒక్కొక్కటిగా చెక్కిన శిల్పి మన ఓరుగల్లు ప్రాంతంవాడు. "పెరటి చెట్టు మందుకు రాదు" అని మన పెద్దలు ఊరికే అనలేదు. నేనా మాట అనగానే ఒక అమ్మాయి నవ్వి, "మీరు కూడా ఇక్కడికి మొదటిసారే వచ్చారు కదా సార్!" అన్నది. ఒప్పుకున్నాను.

మధ్యాహ్నానికి అబిడ్స్ చేరుకున్నాం. ఆదివారం అక్కడి దుకాణాలు చాలావరకు మూసి ఉంటాయి. మూసిన తలుపుల ముందు కాలిబాట పొడవునా పాత పుస్తకాలు పరచుకుంటాయి. వైద్యశాస్త్ర గ్రంథాల పక్కన ఉర్దూ నవలలు, వాటి మీద తెలుగు వారపత్రికలు, కింద ఎవరి చేతివ్రాతతోనో నిండిన నిఘంటువులు! విద్యార్థులు బేరమాడి తలా ఒక పుస్తకం కొన్నారు. అప్పుడు వారికి ఆ పేరు కథ చెప్పాను. ఆల్బర్ట్ అబిడ్ ఆర్మీనియా మూలాలు గలవాడు. ఆరవ నిజాం కొలువులో ఆంతరంగిక సేవకుడిగా పనిచేశాడు. ఈ ప్రాంతంలో ఒక పెద్ద దుకాణం నడిపాడు. ఆ దుకాణం నేడు లేదు, యజమానీ లేడు. ఎక్కడివాడో అయిన ఒక వ్యాపారి పేరు మాత్రం రోజూ వేలమంది నాలుకల మీద పలుకుతున్నది.

అక్కడికి సమీపంలోనే మొజంజాహీ మార్కెట్టు. ఏడవ నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ తన రెండవ కుమారుడు మొజంజా పేరిట 1935లో దీనిని గ్రానైట్ రాతితో కట్టించాడు. కూడలికి ఎదురుగా గడియార స్తంభం, దానికి ఇరువైపులా రెక్కలు చాచినట్లు దుకాణాల వరుసలు ఉంటాయి. కొంతకాలం కిందటిదాకా రేకులు, ప్రకటన ఫలకాలు ఆ రాతిగోడలను కప్పివేశాయి. 2018లో జీర్ణోద్ధరణ మొదలుపెట్టి, గోడలను శుభ్రపరచి, 2020 ఆగస్టు 15న మళ్ళీ ప్రారంభించారు.

అందరూ గడియారం వైపు చూస్తుండగా ఒక కుర్రవాడు మాత్రం ఒక మూలకు పోయి నిలబడ్డాడు. తరగతిలో ఎప్పుడూ నోరు విప్పడు. దగ్గరకు వెళ్ళి ఏమైందని అడిగాను. "మా తాత ఈడనే పండ్ల గంపలు మోసేటోడు సార్. గా గడియారం సూసుకుంటనే పనికి దిగేటోడంట. నేను ఎన్నడు రాలె. ఒక్క ఫోటో తీయండి, తాతకు సూపిస్త" అన్నాడు. తీశాను. తక్కిన పిల్లలు మౌనంగా వచ్చి అతని చుట్టూ నిలబడ్డారు. అంతవరకు నేను చెప్పిన తేదీలన్నీ ఆ ఒక్క మాట ముందు చిన్నవైపోయాయి.

సంధ్యవేళకు యూసుఫైన్ దర్గాకు వెళ్ళాం. యూసుఫ్, షరీఫ్ అనే ఇద్దరు సూఫీ సాధువుల సమాధులు అక్కడున్నాయి. వారు ఔరంగజేబు సైన్యంతోపాటు వచ్చారని అంటారు. 1687లో గోలకొండ ముట్టడి జరుగుతున్నప్పుడు ఒక రాత్రి గాలివాన వచ్చి శిబిరంలోని దీపాలన్నీ ఆరిపోయాయని, వీరి గుడారంలోని దీపం మాత్రం నిలకడగా వెలిగిందని జనశ్రుతి. నేటికీ మతభేదం లేకుండా అక్కడికి జనం వస్తారు.

చివరగా నుమాయిష్. నుమాయిష్ అంటే ప్రదర్శన. స్థానిక ఉత్పత్తులను ప్రోత్సహించాలనే తలంపుతో ఉస్మానియా విశ్వవిద్యాలయ పట్టభద్రులు 1938లో పబ్లిక్ గార్డెన్స్‌లో దీనిని ప్రారంభించారు. 1946లో ఇది ఇప్పటి మైదానానికి మారింది. ఏటా జనవరిలో మొదలై ఫిబ్రవరి మధ్యవరకు సాగుతుంది. కాశ్మీరు శాలువలు, లక్నో చికన్ వస్త్రాలు, మిర్చిబజ్జీలు, రంగులరాట్నాలు – చలికాలపు సాయంత్రం నగరమంతా అక్కడే ఉన్నట్లుంటుంది. ప్రదర్శనపై వచ్చే ఆదాయంతో నిర్వాహక సంఘం విద్యాసంస్థలను నడుపుతున్నది. వాటిలో ఆడపిల్లల కళాశాలలూ ఉన్నాయి. మనం కొన్న టిక్కెట్టు డబ్బు ఎక్కడో ఒక విద్యార్థిని చదువుకు చేరుతుందన్న మాట.

మరుసటి వారం విద్యార్థులందరూ వ్యాసాలు రాసి తెచ్చారు. మార్కెట్టు దగ్గర మాట్లాడిన కుర్రవాడు తన తాతను అడిగి రాసుకొచ్చాడు. కమలాల గంపలు ఏ వైపు దిగేవో, మామిడిపండ్లు ఏ మూల పేర్చేవారో, తెల్లవారుజామున చలికి కూలీలు ఎక్కడ నెగడు వేసుకునేవారో అందులో ఉంది. ఏ గ్రంథంలోనూ నాకు ఆ వివరాలు దొరకలేదు. ఆ వ్యాసాన్ని జర్మనీలోని నా విద్యార్థికి పంపించాను. దానికి ఒక చిన్న ఉత్తరం జతచేశాను.

"బాబూ, నీ ప్రశ్నకు జవాబు ఇది. నీవు చూసిన ప్రాగ్ గడియారం 1945 మేలో, యుద్ధం ముగిసే వేళ, మంటలలో తీవ్రంగా దెబ్బతిన్నది. ఆ ఊరివాళ్ళు దానిని బాగుచేసి 1948లో మళ్ళీ నడిపించారు. ఆరువందల ఏళ్ళనాటి గడియారం నీవు చూశావంటే, మధ్యలో ఎవరో దానిని తమదనుకున్నారు కాబట్టి. మనకు అలాంటి ఊళ్ళు లేకపోలేదు. మన ఊరిని మనదిగా చూసేవాళ్ళమే తక్కువయ్యాం. ఈసారి వచ్చినప్పుడు ఒక ఆదివారం నాకోసం ఉంచు."

విద్యార్థులారా! మీ ఊరు హైదరాబాదు కాకపోవచ్చు. మీ ఊళ్ళోనూ ఒక పాత బావి, ఒక రచ్చబండ, ఒక సత్రం ఉంటాయి. వాటికి పేరు ఎలా వచ్చిందో తెలిసిన పెద్దలు ఇంకా ఉన్నారు. వారు ఉండగానే వెళ్ళి అడగండి.

కఠిన పదాలు – అర్థాలు

ఇతివృత్తం : కథావస్తువు
పరిపాటి : అలవాటు, వాడుక
పురభవనం : నగర పాలక మందిరం
అష్టాదశ : పద్దెనిమిది
పారశీకం : పర్షియా దేశపు భాష
జీర్ణోద్ధరణ : శిథిలమైనదానిని బాగుచేయడం
జనశ్రుతి : జనం చెప్పుకొనే మాట
నెగడు : చలి కాచుకొనే మంట

సంధులు

ఏమున్నది = ఏమి + ఉన్నది : ఇత్వసంధి
విద్యార్థి = విద్యా + అర్థి : సవర్ణదీర్ఘసంధి
జీర్ణోద్ధరణ = జీర్ణ + ఉద్ధరణ : గుణసంధి

ప్రశ్నలు

1. నాంపల్లి, అబిడ్స్ పేర్ల వెనుక ఉన్న కథలను వివరించండి.
2. పురావస్తు ప్రదర్శనశాలలో రచయిత గమనించిన విచిత్రం ఏమిటి? దాని ద్వారా ఆయన ఏమి సూచించాడు?
3. "కవి ఊహించిన పురం తెలిసింది గాని కాలికింద ఉన్న పురం తెలియలేదు." – సందర్భసహితంగా వ్యాఖ్యానించండి.
4. మీ ఊరిలోని ఒక పాత కట్టడం గురించి ఇంటి పెద్దలను అడిగి, ఒక పుటకు మించకుండా వ్యాసం రాయండి.