సంతకానికి ముందే అడగాలి

నంద్యాల

చిరంజీవి హారికకు,

 

సౌర, పవన విద్యుత్తుకు ప్రభుత్వం ఇస్తున్న ప్రోత్సాహాన్ని సమర్థిస్తూ నువ్వు రాసిన వ్యాసం చదివాను. ఎల్లకాలం బొగ్గు మీదే బతకలేమన్నావు, నిజమే. కానీ ఆ విధానాన్ని ప్రశ్నించిన వాళ్ళందరినీ బొగ్గు కంపెనీల పక్షమని ఒకే గాటన కట్టేశావు. అది న్యాయం కాదమ్మా.

మన రాష్ట్రంలో జరిగిందే చూడు. 2015, 2016 ప్రాంతంలో గాలి కరెంటును యూనిట్ 4.80 రూపాయలకు పైగా ధర పెట్టి పాతికేళ్ళు కొంటామని విద్యుత్ పంపిణీ సంస్థలు, అంటే డిస్కంలు, ఒప్పందాలు రాసుకున్నాయి. 2017లో దేశంలో జరిగిన వేలాల్లో గాలి కరెంటు 2.43 రూపాయలకూ, సౌర విద్యుత్తు 2.44 రూపాయలకూ దిగాయి. 2019లో కొత్త ప్రభుత్వం పాత ధరలను తిరగదోడింది. కంపెనీలు హైకోర్టుకెక్కాయి. ఒప్పందంలో రాసుకున్న ధరే చెల్లించాలని 2022 మార్చిలో డివిజన్ బెంచ్ తీర్పు చెప్పింది. ఆ మూడేళ్ళలో బకాయిలు కొండలా పెరిగాయి.

ధర ఎక్కువన్న వాళ్ళ మాటా నిజమే, రాసిచ్చిన మాట తప్పకూడదన్న వాళ్ళ మాటా నిజమే. తప్పిందల్లా అడగవలసిన సమయం. ధరలు పడిపోతున్న రోజుల్లో పాతికేళ్ళకు ఒకే ధర ఎందుకన్నది సంతకాలకు ముందే తేల్చుకోవలసింది.

ఇప్పుడు మళ్ళీ సంతకాల కాలం వచ్చింది. 2024 అక్టోబరులో మన రాష్ట్ర ప్రభుత్వం తెచ్చిన సమీకృత స్వచ్ఛ ఇంధన విధానం 10 లక్షల కోట్ల రూపాయల పెట్టుబడులు రాబట్టాలంటోంది. కాబట్టి నువ్వు అడగవలసినవి చెబుతాను.

మొదటిది వేళ. పొద్దు గూకగానే సౌర విద్యుత్తు ఆగిపోతుంది, ఇళ్ళలో వాడకం పెరిగేది అప్పుడే. గాలి బలంగా వీచేది నైరుతి రుతుపవనాల నెలల్లో. అందుకే మన జిల్లా పిన్నాపురంలో 1,680 మెగావాట్ల పంప్‌డ్ స్టోరేజీ కట్టారు. పగటి కరెంటుతో నీళ్ళను పై జలాశయానికి ఎక్కించి, అవసరమైనప్పుడు కిందికి వదిలి టర్బైన్లు తిప్పుతారు. ఎక్కించడానికి వాడిన కరెంటులో ఇంచుమించు ఐదో వంతు తిరిగి రాదు. ఆ నష్టమూ, కట్టుబడి ఖర్చూ కలిపి యూనిట్ ఎంత పడుతుందో చెప్పమను. పొలం మోటారుకైతే పగటి కరెంటే చాలు. రైతు అర్ధరాత్రి పాములు తిరిగే చేలోకి వెళ్ళనక్కర్లేదు. నీ వ్యాసంలో ఈ ముక్క లేదు. నీ వాదనకు ఇంతకన్నా బలం ఎక్కడుంది?

రెండోది భూమి. గని, శకునాల గ్రామాల దగ్గర వెయ్యి మెగావాట్ల సోలార్ పార్కు ఆరు వేల ఎకరాలకు కాస్త అటూ ఇటూగా పరుచుకుంది. ఇలాంటి పార్కు ఎక్కడ పెట్టినా పట్టాదారు పేరు కాగితాల్లో ఉంటుంది. కౌలుదారుకూ, ఆ బీళ్ళలో గొర్రెలు మేపుకునేవాళ్ళకూ ఏమిస్తున్నారు?

మూడోది, ప్రోత్సాహం ఎవరి గడప తొక్కుతోందన్నది. పీఎం సూర్యఘర్ పథకం కింద ఇంటి మిద్దె మీద మూడు కిలోవాట్ల సౌర ప్యానెళ్ళు పెట్టుకుంటే 78,000 రూపాయల సబ్సిడీ వస్తుంది. మంచిదే. సొంత మిద్దె లేక అద్దెకుండేవాళ్ళ సంగతేమిటి?

ఇవన్నీ అడగడానికి చోటుంది. 2003 విద్యుత్ చట్టం ప్రకారం డిస్కంలు కరెంటు కొనే ధరకూ, ఒప్పందానికీ విద్యుత్ నియంత్రణ మండలి ఆమోదం ఉండాలి. చార్జీల మీద మండలి బహిరంగ విచారణ జరుపుతుంది. లాయరు అక్కర్లేదు. అభ్యంతరం రాసి పంపి, ఎవరైనా నిలబడి మాట్లాడవచ్చు. అక్కడికి రైతు సంఘాల వాళ్ళూ, చిన్న పరిశ్రమల వాళ్ళూ కాగితాలు పట్టుకుని వస్తారు. వాళ్ళ పక్కన కూర్చుని విను.

ఈసారి విచారణ ప్రకటన రాగానే డిస్కంల నివేదిక తెప్పించుకుని పూర్తిగా చదువు. సౌర విద్యుత్తు కావాలని మనసారా కోరేవాళ్ళే లెక్కలు అందరికన్నా గట్టిగా అడగాలి. ఎందుకంటే లెక్క సరిగా ఉన్న విధానమే ప్రభుత్వాలు మారినా నిలబడుతుంది.

ఇట్లు,
నీ పెదనాన్న