రేకు ఎటు వంగుతుంది?

అప్పట్లో వాట్‌గంజ్‌లో మేం అద్దెకున్న ఇంటి మేడమీద ఒక రేకుల షెడ్డు ఉండేది. 2020 మే 20 రాత్రి అంఫన్ తుపానుకు సగం ఎగిరిపోయింది. మర్నాడు మిగిలిన రేకులు చూస్తే చాలావాటికి స్క్రూలు ఊడలేదు. రేకే నడిమధ్యన మడతపడి, స్క్రూల చుట్టూ చిరిగింది. "మేస్త్రీ ఎక్కి నడిచినా వంగలేదు కదా నాన్నా, గాలికెలా వంగింది?" అని మా అబ్బాయి అడిగాడు.

ముడతల రేకు పుట్టిందే రేవులో. లండన్ డాక్ కంపెనీ ఇంజనీరు హెన్రీ పామర్ 1829లో దానికి పేటెంట్ తీసుకున్నాడు. పల్చటి రేకును ముడిస్తే లోహం మధ్యరేఖకు దూరంగా జరుగుతుంది. బిగువు ఆ దూరపు వర్గాన్ని బట్టి పెరుగుతుంది. అర మిల్లీమీటరు మందం రేకుకు 20 సెంటీమీటర్లకొకటి చొప్పున 3 సెంటీమీటర్ల ఎత్తు గట్లు తీస్తే, చదును రేకు కంటే బిగువు సుమారు 7,600 రెట్లు. నమ్మబుద్ధి కాక రెండుసార్లు లెక్క వేశాను!

ఖిదిర్‌పూర్ డాక్‌కు వెళ్లే కంటైనర్ల గోడలు చూడండి. వాటి ముడతలు లోపలికీ బయటికీ దాదాపు సమానం. సరుకు లోపల్నించి నెడుతుంది, బయటినుంచీ దెబ్బలు తగులుతాయి. ఏ వైపూ తక్కువ కాకూడదు. ఇంటికప్పు రేకు అలా ఉండదు. గట్టు సన్నం, గాడి వెడల్పు. అదే అసౌష్ఠవం. తక్కువ లోహంతో ఎక్కువ చోటు కప్పొచ్చు, నీళ్లు త్వరగా జారిపోతాయి.

మనిషి నిలబడితే రేకు పైభాగం నొక్కుకుంటుంది, కిందిభాగం సాగుతుంది. నొక్కుడు పడేది సన్నటి గట్టుమీద కాబట్టి అది తట్టుకుంటుంది. గాలి కప్పును పైకి పీల్చినప్పుడు అంతా తలకిందులు. నొక్కుడు వెడల్పాటి గాడిమీద పడుతుంది. పల్చటి వెడల్పు పట్టీ సాగదీస్తే ఆగుతుంది, నొక్కితే ముడుచుకుపోతుంది.

ఇంట్లో కొలత టేపు ఉంటే పిల్లలకు చూపించండి. గుంట పైకి ఉంచి చాస్తే చాలాదూరం నిలుస్తుంది. బోర్లిస్తే చటుక్కున విరిగినట్టు వాలిపోతుంది. టేపు అదే, ఉక్కు అదే.

పీల్పు ఎంతుంటుందో చూద్దాం. గంటకు 130 కిలోమీటర్ల గాలి ఒత్తిడి చదరపు మీటరుకు సుమారు 80 కిలోల బరువుతో సమానం. రేకు సొంత బరువు 5 కిలోలైనా ఉండదు. కప్పు అంచుల్లో, మూలల్లో పీల్పు ఇంకా ఎక్కువ.

మా నాన్నగారు సోంపేటలో పశువుల పాకకు రేకులు వేయిస్తానని ఫోన్ చేసినప్పుడు ఇదంతా గుర్తొచ్చింది. 2018 అక్టోబర్ 11న తిత్లీ చేసిన పని ఆయన కళ్లారా చూసినవారే. అయినా దుకాణంలో రేకు మందం, ధర తప్ప ఇంకేం అడగలేదట. గాడి మధ్యలో సన్నటి గీతల్లాంటి చిన్న ముడతలున్న రేకు తీసుకోమన్నాను. అవి అందానికి కావు; వెడల్పు పట్టీని ముక్కలు చేసి, నొక్కుడుకు ముడుచుకోకుండా ఆపుతాయి. కింది ఇనుప దూలాల ఎడం తగ్గించమన్నాను, ముఖ్యంగా అంచుల్లో. స్క్రూలు గట్టుమీద, రబ్బరు వాషరుపైన వెడల్పాటి బిళ్లతో బిగించాలి. మరీ బిగిస్తే గట్టు నలుగుతుంది.

"దూలాలకు ఇంకో నాలుగు వేలవుతుందిరా" అన్నారు. పంపించాను.