వరి మడిలో ఆవరణ వ్యవస్థ పాఠం: మఠంపల్లి ప్రాంత ఉపాధ్యాయ శిక్షణకు అన్వేషణ పద్ధతి

ఆవరణ వ్యవస్థ అనే భావనను బ్రిటిష్ వృక్షశాస్త్రవేత్త టాన్స్‌లీ 1935లో ప్రతిపాదించారు. జీవులను, వాటి చుట్టూ ఉన్న నిర్జీవ అంశాలను కలిపి ఒకే వ్యవస్థగా చూడాలన్నది దీని సారం. అయితే ఉపాధ్యాయ శిక్షణలో ఈ భావన తరచుగా ఒక నిర్వచనంగా, నల్లబల్లపై గీసిన ఆహార గొలుసుగా మిగిలిపోతోంది. గడ్డి, మిడత, కప్ప, పాము, గద్ద అనే వరుసను కంఠస్థం చేసిన శిక్షణార్థులు రేపటి తరగతిలో పిల్లలచేత అదే వరుసను వల్లె వేయిస్తారు. వ్యవసాయ ప్రాంతంలో ఈ లోపం తరగతి గదితో ఆగదు. కనిపించిన ప్రతి పురుగునూ శత్రువుగా భావించే అలవాటు పొలంలో అనవసరపు పిచికారీకి దారి తీస్తుంది.

ప్రాంత నేపథ్యం

సూర్యాపేట జిల్లాలోని మఠంపల్లి మండలం కృష్ణానది తీరాన ఉంది. నది, సున్నపురాయి నేలలు, వరి పొలాలు ఇక్కడ దగ్గర దగ్గరగా కనిపిస్తాయి. నాగార్జునసాగర్‌కు 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగింది. 1967 ఆగస్టు 4న కాలువలకు నీరు విడుదలైంది. ఎడమ కాలువ నీటితో మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ ప్రాంతాలలో వరి సాగు విస్తరించింది. కనుక ఇక్కడి వరి మడి మనిషి నీరు తెచ్చి నిర్మించిన ఆవరణ వ్యవస్థ. అది ఎలా పనిచేస్తుందో తెలుసుకోవడానికి దూరపు అడవికి వెళ్ళనవసరం లేదు.

పొలంబడి అందించిన మార్గం

ఇండోనేషియాలో పురుగుమందుల విచ్చలవిడి వాడకం వల్ల మిత్రపురుగులు నశించి సుడిదోమ విజృంభించింది. ఆ దేశ ప్రభుత్వం 1986లో వరిపై 57 రకాల పురుగుమందులను నిషేధించింది. 1989లో అక్కడే రైతు క్షేత్ర పాఠశాలలు ప్రారంభమయ్యాయి. తెలుగు నాట ఈ విధానం పొలంబడిగా పరిచితం. రైతులు స్వయంగా పొలాన్ని పరిశీలించి, బొమ్మ గీసి, చర్చించి, నిర్ణయం తీసుకోవడం దీని ప్రధాన లక్షణం. విస్తరణ శాస్త్రవేత్తలకు సుపరిచితమైన ఈ పద్ధతి ఉపాధ్యాయ శిక్షణకూ చక్కగా సరిపోతుంది. గరిడేపల్లి మండలం గడ్డిపల్లిలోని కృషి విజ్ఞాన కేంద్రం వంటి సంస్థల సహకారం ఇందుకు ఉపకరిస్తుంది.

పాఠ నిర్వహణ

1. ప్రశ్న: "ఈ మడిలో ఎవరు ఎవరిని తింటున్నారు?" అనే ప్రశ్నతో పాఠం మొదలవుతుంది. శిక్షణార్థులు ముందుగా తమ ఊహను రాసి పెట్టుకోవాలి.

2. పరిశీలన: రైతు అనుమతితో, ఇటీవల మందు చల్లని మడిలో, ఐదుగురి జట్లు ఉదయం వేళ పది దుబ్బులను పరిశీలిస్తాయి. దుబ్బును తట్టి తెల్లని పళ్ళెంలో పడిన జీవులను లెక్కిస్తాయి. "ఇదేమిటి?" అని అడిగిన వారికి శిక్షకుడు వెంటనే పేరు చెప్పరాదు. "ఎక్కడ దొరికింది? ఏం చేస్తోంది? దానికి కాళ్ళెన్ని?" అని తిరిగి అడగాలి. సాలీడు కీటకం కాదన్న సంగతి అప్పుడే స్వయంగా తెలుస్తుంది.

3. బురద పరిశీలన: చారెడు బురదను నీటిలో కలిపి పళ్ళెంలో పోస్తే ఎర్రని సన్నటి లార్వాలు కనిపించవచ్చు. ఇవి కుళ్ళిన సేంద్రియ పదార్థంపై బతికే చిరు ఈగల పిల్లదశలు. పైరుకు హాని చేసే పురుగులు రాకముందే ఇటువంటి జీవులను తిని సాలీళ్ళు వృద్ధి చెందుతాయని జావా వరి పొలాలలో జరిపిన, 1996లో వెలువడిన అధ్యయనం తెలిపింది. పైరు తొలి దశలో మందు చల్లితే ఈ కాపలా తొలగిపోతుంది. ఆహార గొలుసు కన్నా ఆహార వల అనడం ఎందుకు సరైనదో ఇక్కడ అర్థమవుతుంది.

4. ప్రయోగం: వరి నాటిన రెండు కుండీలకు దోమతెర కట్టి, ఒక్కొక్క దానిలో పది సుడిదోమలను వదలాలి. ఒకదానిలో మాత్రమే ఒక సాలీడును ఉంచాలి. రోజూ దోమలను లెక్కించాలి. సాలీడు లేని కుండీలోనూ కొన్ని దోమలు చనిపోవచ్చు. ఆ సంఖ్యను తీసివేయకుండా ఫలితమంతా సాలీడుదే అనడం తప్పు. రెండవ కుండీ ఎందుకు అవసరమో చర్చించడమే ఈ దశలో అసలు పాఠం.

5. నిర్ణయం: జట్లు తమ లెక్కలతో సంఖ్యా పిరమిడ్ గీస్తాయి. శత్రు, మిత్రపురుగుల నిష్పత్తిని లెక్కిస్తాయి. రెండు శత్రుపురుగులకు ఒక మిత్రపురుగు ఉంటే మందు అవసరం ఉండకపోవచ్చన్నది వ్యవసాయ ఆవరణ వ్యవస్థ విశ్లేషణలో వాడే సూచన. దీనిని సూత్రంగా కాక చర్చనీయాంశంగా తీసుకోవాలి. పురుగు రకం, పైరు దశ, వాతావరణాన్ని బట్టి నిర్ణయం మారుతుంది.

మూల్యాంకనం

నిర్వచనాన్ని అప్పజెప్పించుట కన్నా, శిక్షణార్థి తొలి ఊహకు, చివరి నిర్ధారణకు మధ్య వచ్చిన మార్పును పరిశీలించాలి. తన ఊహ తప్పని ఆధారాలతో చూపిన వారికి తగిన గుర్తింపు ఇవ్వాలి. అనంతరం ప్రతి శిక్షణార్థీ ఇదే పాఠాన్ని పాఠశాల పిల్లలతో నిర్వహించాలి. పిల్లలను కాలువలోకి దిగనీయరాదు. మందు చల్లిన పొలానికి తీసుకుపోరాదు.

ముగింపు

పళ్ళెం, దోమతెర, నోటుపుస్తకం ఉంటే ఈ పాఠం సాగుతుంది. ఖర్చు కన్నా శిక్షకుని ఓర్పు ముఖ్యం. జవాబు తెలిసినా చెప్పకుండా నిలిచే శిక్షకుని వద్ద నేర్చిన ఉపాధ్యాయులే పిల్లలను చూడనిస్తారు. మడి గట్టుపై సాలీడును గుర్తించిన పిల్లలు ఇంట్లో మందు పిచికారీ మాట వచ్చినప్పుడు "ముందు దుబ్బు తట్టి చూద్దాం" అనగలిగితే, ఆవరణ వ్యవస్థ పాఠం నెరవేరినట్లే.